పిల్లల కోర్టులో నిలబడిన డాక్టరు

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసివ్వమని మన సంఘం కార్యదర్శి అడగ్గానే, బడి హాల్లో వరసగా వేలాడే పటాలు గుర్తొచ్చాయి. వీరేశలింగం, గిడుగు, రాధాకృష్ణన్. వాళ్ళ గురించి వెనకటి సంచికల్లో నాకంటే బాగా రాసినవాళ్ళున్నారు. అందుకని ఆ వరసలో లేని ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయనది పోలెండు. పేరు యానుష్ కోర్చాక్. చదివింది డాక్టరీ, బతుకంతా చేసింది పిల్లల పెంపకం. ఆయన దేశంలో బడులకూ వీధులకూ ఆయన పేరుంది. మన వైపు అంతగా వినిపించదు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. రెండేళ్ళుగా మన సంఘం తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో కొందరికి తలా ఒక పూర్వ విద్యార్థిని తోడుగా పెడుతోంది. మెంటార్ అంటున్నాం. మంచి పని. సమావేశం జరిగిన ప్రతిసారీ ఫీజుల గురించి, పుస్తకాల గురించి, పాలిటెక్నిక్ మేలా ఇంటర్ మేలా అన్న దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. పద్నాలుగేళ్ళ పిల్లవాడి పక్కన కూర్చుని ఏం చెయ్యాలి, వాడు మనల్ని ఎందుకు నమ్మాలి అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ముప్పై ఏళ్ళు సైన్సు మాస్టారిగా పనిచేశాను కాబట్టి నాకు తెలుసు, పాఠం చెప్పడం వేరు, ఈ పని వేరు. కోర్చాక్ ఈ రెండో పనిలోనే జీవితం గడిపాడు.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పుట్టిన సంవత్సరం 1878 అని కొందరు, 1879 అని కొందరు రాస్తారు. అప్పుడు వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. తండ్రి పేరున్న లాయరు. ఇంట్లో కలిమి ఉండేది, పనివాళ్ళు ఉండేవాళ్ళు. కుర్రాడికి పదకొండు పన్నెండేళ్ళు వచ్చేసరికి తండ్రికి మతి చలించింది. ఆస్పత్రుల్లో పెట్టారు. ఉన్న ఆస్తి కరిగిపోయింది. 1896లో తండ్రి పోయాడు. ఇంకా బళ్ళో చదువుతున్న హెన్రిక్, సాటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపాడు. తండ్రికి వచ్చిన జబ్బు తనకూ వస్తుందేమో, తన పిల్లలకూ వస్తుందేమో అన్న భయం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు.

డాక్టరీ చదువుతూనే కథలు రాసేవాడు. ఒక సాహిత్య పోటీకి పంపేటప్పుడు ఏదో పాత నవలలోని కథానాయకుడి పేరు పెట్టుకున్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. చదువు పూర్తయ్యాక వార్సాలోని ఒక పిల్లల ఆస్పత్రిలో చేరి, 1912 దాకా అక్కడే పనిచేశాడు. మధ్యలో రష్యా, జపాన్ యుద్ధానికి డాక్టరుగా వెళ్ళి వచ్చాడు. పేరు, ప్రాక్టీసు బాగా పెరిగాయి. ఉన్నవాళ్ళ దగ్గర గట్టిగా ఫీజు తీసుకుని, లేనివాళ్ళ ఇళ్ళకు ఊరికే వెళ్ళే రకం.

ఆయన్ని పిల్లలవైపు లాగినవి ఆ రోజుల్లో పేద పిల్లలకోసం ఊరి బయట నడిపిన వేసవి శిబిరాలు. పట్నం ఇరుకు సందుల్లో పెరిగిన పిల్లల్ని కొన్ని వారాలు పల్లెకు తీసుకెళ్ళి తిండి పెట్టి ఆడించేవాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు కోర్చాక్ కథలు, ఆటలు, కబుర్లు అన్నీ మూటగట్టుకుని, పిల్లలు తనను చూడగానే చుట్టుముట్టేస్తారనుకుని వెళ్ళాడు. వాళ్ళు చుట్టుముట్టారు గానీ ఆయన అనుకున్నట్టు కాదు. పేర్లు గుర్తుండవు, మంచాలు ఎవరివో తెలీదు, పడుకోమంటే అరుపులు. విసిగిపోయి గొంతు పెంచాడు, బెదిరించాడు. మరునాడు అడవిలోకి తీసుకెళ్ళి, జరిగిందాని గురించి వాళ్ళనే అడిగాడు. శిబిరం ఎలా నడవాలో వాళ్ళతో మాట్లాడాడు. అప్పటిదాకా పిల్లలకు చెప్పడమే తప్ప పిల్లలతో మాట్లాడటం తనకు తెలియదని అక్కడే తెలిసిందని తర్వాత తానే రాసుకున్నాడు. ఆ రాతలో తన చేతగానితనాన్ని దాచుకోలేదు. బీఈడీ చదివేవాళ్ళకు నన్నడిగితే పెద్ద పెద్ద సిద్ధాంతాలకన్నా ముందు ఆ కాసిని పేజీలు చదివించాలంటాను.

1912లో వార్సాలో క్రోహ్‌మాల్నా వీధి, 92వ నంబరులో యూదు అనాథ పిల్లలకోసం కొత్త భవనం లేచింది. ఆస్పత్రి వదిలేసి కోర్చాక్ దాని పెద్దగా చేరిపోయాడు. దాని పేరు అనాథల ఇల్లు. ఏడేళ్ళ వాళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళ దాకా ఒక వందమంది. ఆయన పేరు చెప్పినప్పుడల్లా ఇంకో పేరు కూడా చెప్పాలి. స్తెఫానియా విల్చిన్‌స్కా. ఇంటి తాళాలు, వంట, బట్టలు, జ్వరాలు, లెక్కలు అన్నీ ఆవిడవే. ఆయన యుద్ధానికి వెళ్ళినా, రేడియోకి వెళ్ళినా ఇల్లు ఆగకుండా నడిచిందంటే ఆవిడ వల్లే. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇలాంటివాళ్ళకు ఒక వాక్యం పెట్టి సరిపెట్టడం మనకు అలవాటు. ఇక్కడ నేనూ అంతకంటే ఎక్కువ చోటు ఇవ్వలేకపోతున్నాను.

ఆ ఇంట్లో పని పద్ధతులు చెబుతాను. నా దృష్టిలో కోర్చాక్ గొప్పతనం ఆయన ఉపన్యాసాల్లో కంటే వీటిలోనే ఉంది.

కొత్తగా ఒక పిల్లవాడు వచ్చాడనుకోండి. తల్లినో తండ్రినో పోగొట్టుకుని, వందమంది అపరిచితుల మధ్యకు వచ్చిపడ్డాడు. వాడిని పెద్దవాళ్ళకు అప్పగించేవాళ్ళు కాదు. ఆ ఇంట్లోనే కొంతకాలంగా ఉంటున్న ఇంకో పిల్లవాడినో పిల్లనో వాడికి సంరక్షకులుగా మూడు నెలలు పెట్టేవాళ్ళు. పళ్ళు ఎక్కడ తోముకోవాలి, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి, గంట కొడితే ఎటు పరిగెత్తాలి, అన్నీ ఆ సంరక్షకుడే నేర్పాలి. వాడు తప్పు చేస్తే వీడూ జవాబు చెప్పాలి. ఒక్కోసారి ఈ ఇద్దరి మధ్య ఒక నోటు పుస్తకం నడిచేది. చిన్నవాడు ఆ రోజు ఏం జరిగిందో, ఏమనుకున్నాడో రాస్తాడు. పెద్దవాడు కింద జవాబు రాస్తాడు. అలాంటి ఒక పుస్తకంలోని భాగాలను కోర్చాక్ తన రచనలో పెట్టాడు. అల్లరి చేసి అందరి చేతా తిట్లు తినే తొమ్మిదేళ్ళవాడు పెద్దయ్యాక వడ్రంగి కావాలని రాస్తాడు. పన్నెండేళ్ళ సంరక్షకురాలు కింద ఓపిగ్గా జవాబులు రాస్తుంది. పెద్దవాళ్ళం ఎవరం ఆ జవాబులు అంత బాగా రాయలేం.

ఇది చదివాకే నేనూ ఒక పుస్తకం కొన్నాను. సంఘం నాకు అప్పగించిన కుర్రాడు మాట్లాడడు. ఏం అడిగినా ఆఁ సార్, ఊఁ సార్. తలెత్తడు. ఒక వంద పేజీల నోటు పుస్తకం వాడి చేతికిచ్చి, వారానికోసారి ఏదో ఒకటి రాయమన్నాను, నేనూ రాస్తానన్నాను. మొదటి మూడు వారాలూ క్రికెట్ స్కోర్లు రాశాడు. నేను వాటి కింద నా కాలంనాటి ఆటగాళ్ళ గురించి రాశాను. నాలుగోవారం స్కోరు కింద ఒకే ఒక ప్రశ్న ఉంది. పాలిటెక్నిక్‌లో చేరితే బస్సు పాసు ఇస్తారా అని. సమావేశాల్లో మేం పాలిటెక్నిక్ గురించి ఎంత మాట్లాడుకున్నామో! బస్సు పాసు మాట ఒక్కరి నోటా రాలేదు.

కోర్చాక్ ఇంట్లో ఒక ఉత్తరాల పెట్టె కూడా ఉండేది. చెప్పాలనుకున్నది, అడగాలనుకున్నది రాసి అందులో వెయ్యాలి. పెద్దవాళ్ళకు అది తీరిక ఇస్తుంది, అది చిన్న లాభం. పిల్లవాడు ఒక్క నిమిషం ఆగి, నాకు నిజంగా కావలసిందేమిటి అని ఆలోచించుకోవడం నేర్చుకుంటాడు, ఆయన చూసుకున్న పెద్ద లాభం అది. నేను పనిచేసిన ఒక బళ్ళో కూడా ఫిర్యాదుల పెట్టె ఉండేది. దానికి తాళం వేశారు, తాళంచెవి పోయింది, మళ్ళీ చేయించినవాళ్ళు లేరు. పెట్టె ఉంటే చాలదు. రాసినవాడికి జవాబు రావాలి. కోర్చాక్ జవాబు ఇచ్చేవాడు.

నాకు బాగా నచ్చిన ఇంకో పద్ధతి పందేలు. ఏదైనా చెడ్డ అలవాటు మానుకోవాలనుకున్నవాడు వారానికోసారి ఆయన దగ్గరకు వచ్చి పందెం కట్టొచ్చు. ఈ వారం ఇన్నిసార్లకంటే ఎక్కువ కొట్లాడను అని. గెలిస్తే ఒకట్రెండు మిఠాయి బిళ్ళలు. ఇకమీదట ఒక్కసారి కూడా కొట్లాడను అని ఎవడైనా బీరాలు పోతే ఆయన ఒప్పుకునేవాడు కాదు, కాస్త తగ్గించి చెప్పమని బేరమాడేవాడు. వారానికి పదిసార్లు కొట్లాడేవాడు ఎనిమిదికి దిగితే అదే గెలుపు. తర్వాత ఆరు, నాలుగు. గెలిచావా ఓడావా అని మరుసటి వారం వాడినే అడుగుతాడు. వాడు ఏం చెబితే అది నిజం. సాక్షులు లేరు, విచారణ లేదు. అబద్ధం చెప్పి మిఠాయి తీసుకునే అవకాశం ఎప్పుడూ ఉంది. ఉందని ఇద్దరికీ తెలుసు. పందెంలో అసలు బలం అక్కడే ఉంది.

ఇక కోర్టు సంగతి. కోర్చాక్ పేరు చెప్పగానే పోలెండులో అందరికీ గుర్తొచ్చేది ఇదే. పిల్లల మధ్య తగాదాలు తీర్చడానికి పిల్లలదే ఒక న్యాయస్థానం. ఆ వారం తమ మీద ఏ కేసూ లేనివాళ్ళలోంచి చీట్లు వేసి ఐదుగురు న్యాయమూర్తుల్ని తీసేవాళ్ళు. ఎవరైనా ఎవరి మీదైనా కేసు పెట్టొచ్చు. దానికి ఒక శిక్షాస్మృతి ఉంది, రాసింది కోర్చాకే. అందులో మొదటి తొంభైతొమ్మిది సెక్షన్లూ క్షమాపణవే. తెలియక చేశాడని క్షమించడం, మళ్ళీ చెయ్యడన్న నమ్మకంతో క్షమించడం, ఇలా రకరకాల క్షమలు. ఆ తర్వాత నూరు, రెండు వందలు అంటూ కఠినమైనవి మొదలై, వెయ్యో సెక్షన్ దగ్గర ఇంట్లోంచి పంపించెయ్యడంతో ముగుస్తాయి. నేను చూసిన బళ్ళలో శిక్షల జాబితా గోడకుర్చీతో మొదలయ్యేది. క్షమల జాబితా రాసిపెట్టిన బడి ఇంకొకటి నాకు తెలీదు.

ఆ కోర్టు పిల్లలకే కాదు, పెద్దలకూ వర్తిస్తుంది. ఆరు నెలల్లో ఐదుసార్లు కోర్చాక్ స్వయంగా ఆ కోర్టు ముందు నిలబడ్డాడు. ఒకడి చెంప మీద కొట్టినందుకు ఒకసారి. పడకగదిలోంచి ఒకడిని బయటికి గెంటినందుకు ఒకసారి. ఒకడిని మూలన నిలబెట్టినందుకు, ఒక న్యాయమూర్తిని అవమానించినందుకు, ఒక పిల్లను దొంగతనం చేసిందని అనుమానించినందుకు. ఐదింటిలోనూ మొదటి తొంభైతొమ్మిదిలోని సెక్షన్లే పడ్డాయి. ఆయన మాత్రం ఆ ఐదు కేసులూ తనకు మేలు చేశాయనీ, తనను కొత్త రకం పంతులుగా మలిచాయనీ చెప్పుకున్నాడు. పిల్లవాడిని కొట్టినా కొట్టకపోయినా అది తన మంచితనమో కోపమో కాదని, అది వాళ్ళ హక్కుకు సంబంధించిన సంగతనీ అప్పుడు అర్థమైందట.

నేను ఇక్కడ కాస్త ఆగుతాను. మన బళ్ళలో ఇలాంటి కోర్టు పెట్టమని నేను చెప్పను. ఆయన ఇంట్లోనే అది మొదట్లో సరిగా నడవలేదు. చిన్న చిన్న వాటికి కేసులు గుట్టలు పడ్డాయి, కోర్టును ఆటగా తీసుకున్నవాళ్ళూ, వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. కొన్ని వారాలు మూసేసి, మార్పులు చేసి మళ్ళీ తెరిచాడు. వందమంది పిల్లలు రాత్రింబవళ్ళు కలిసి ఉండే చోట, ముప్పై ఏళ్ళు కదలకుండా కూర్చునే మనిషి ఉన్నచోట నడిచింది అది. నెలకోసారి గంటసేపు వచ్చి వెళ్ళే మనలాంటివాళ్ళకు నోటు పుస్తకమే ఎక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రష్యా సైన్యం ఆయన్ని మళ్ళీ డాక్టరుగా తీసుకుపోయింది. గాయపడ్డవాళ్ళకు కట్లు కడుతూ ఆ మధ్య దొరికిన తీరికలో పిల్లల్ని ప్రేమించడం గురించి తన పెద్ద పుస్తకం రాశాడు. తిరిగొచ్చేసరికి పోలెండు స్వతంత్ర దేశం. 1919లో మరీనా ఫాల్‌స్కా అనే ఆవిడతో కలిసి, పోలిష్ కార్మికుల పిల్లలకోసం మన ఇల్లు అనే పేరుతో ఇంకో ఆశ్రమం మొదలుపెట్టాడు. ఆ తర్వాతి పదిహేనేళ్ళలో ఆయన చేయని పని లేదు. బాలరాజు మాట్ కథ రాశాడు, అది 1923లో వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. 1926లో ఒక దినపత్రికకు అనుబంధంగా పిల్లల వారపత్రిక తెచ్చాడు. పిల్లలకోసం పెద్దలు రాసే పత్రిక కాదు, దేశం నలుమూలల నుంచీ పిల్లలే విలేఖరులుగా రాసిన పత్రిక. నాలుగేళ్ళు నడిపి ఈగర్ నెవెర్లీ అనే యువకుడి చేతిలో పెట్టి తప్పుకున్నాడు. రేడియోలో ముసలి డాక్టరు అన్న పేరుతో మాట్లాడితే పెద్దలూ పిల్లలూ చెవులొగ్గి వినేవాళ్ళు. యూదులమీద ద్వేషం ముదిరి ఆ కార్యక్రమాన్ని 1936లో ఆపేశారు, తర్వాత మళ్ళీ కొన్నాళ్ళు నడిచింది.

1923 నుంచి అనాథల ఇంట్లోనే, పంతుళ్ళు కావాలనుకునే యువతీయువకులు కొందరు ఉండేవాళ్ళు. బస, భోజనం ఉచితం, బదులుగా పిల్లలతో కొన్ని గంటలు పనిచెయ్యాలి. వాళ్ళకూ నోటు పుస్తకాలే. చూసినవి, తోచినవి, సందేహాలు రాస్తే పెద్దలు చదివి జవాబు రాసేవాళ్ళు. వార్సాలో టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఆయన చెప్పిన ఒక పాఠం గురించి శిష్యులు తరచుగా చెప్పుకునేవాళ్ళు. తరగతి మొత్తాన్ని ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళాడట. ఒక చిన్నపిల్లవాడిని చెయ్యిపట్టుకుని తెచ్చి తెర వెనక నిలబెట్టాడట. చీకటి, కొత్త మనుషులు, యంత్రం. తెర మీద ఆ పిల్లవాడి గుండె గబగబా కొట్టుకోవడం అందరికీ కనిపించింది. మీకు కోపం వచ్చి పిల్లవాడి మీద చెయ్యెత్తినప్పుడు దీన్ని గుర్తుంచుకోండి అన్నట్టు నాలుగు ముక్కలు చెప్పి పాఠం అయిపోయిందన్నాడట. నేను ఎన్నో ఏళ్ళు గుండె బొమ్మ బోర్డు మీద గీసి, గదులకు పేర్లు రాయించి, పరీక్షల్లో మార్కులు వేశాను. ఆ పాఠం ఇలా కూడా చెప్పొచ్చని ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

పూర్వ విద్యార్థుల సంచికలో రాస్తున్నాను కాబట్టి ఆయన పూర్వ విద్యార్థుల గురించీ చెప్పాలి. ఇది అంత తియ్యని విషయం కాదు. పద్నాలుగేళ్ళు నిండి బడి పూర్తయితే ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి, వెనక ఇంకో అనాథ వరసలో నిలబడి ఉంటాడు. బయట పని దొరకని రోజులు. అందులోనూ యూదులకు. లోపల కోర్టు ఉంది, న్యాయం ఉంది, పెద్ద డాక్టరు కూడా జవాబు చెప్పుకోవాల్సిందే. బయట మేస్త్రీ తిడితే ఏ కోర్టుకు వెళ్ళాలి? ఆ ఇంట్లో పెరిగినవాళ్ళలో కొందరు తిరిగొచ్చి ఆయన్ని నిలదీశారు, మమ్మల్ని ఈ లోకానికి పనికిరాకుండా పెంచావని. కోర్చాక్‌ను అది బాధపెట్టింది. దానికి ఆయన దగ్గర పూర్తి జవాబు ఉందని నాకనిపించలేదు. కానీ వాళ్ళకు తలుపు మూయలేదు. సెలవురోజు వస్తే పాతవాళ్ళు పెళ్ళాలతో, మొగుళ్ళతో, పిల్లలతో వచ్చేవాళ్ళు. పాలస్తీనా వెళ్ళి స్థిరపడ్డ తన పాత పిల్లల్ని చూడటానికి 1934లోనూ, 1936లోనూ ఆయన అక్కడికి వెళ్ళి వచ్చాడు. స్తెఫానియా అయితే 1938లో అక్కడే ఉండిపోవడానికి వెళ్ళి, యుద్ధం వచ్చేలా ఉందని తెలిసి 1939లో పిల్లల దగ్గరకు తిరిగొచ్చేసింది.

1939 సెప్టెంబరులో హిట్లర్ సైన్యం పోలెండులోకి వచ్చింది. కోర్చాక్ పాత సైనిక యూనిఫారం తీసి తొడుక్కున్నాడు, ఆ యూనిఫారంలోనే తిరిగాడు. యూదులందరూ చేతికి నక్షత్రం పట్టీ కట్టుకోవాలని హుకుం వస్తే కట్టుకోలేదు. 1940లో వార్సా యూదులందర్నీ గోడకట్టిన ఒక ఇరుకు ప్రాంతంలోకి తోలారు. పిల్లలతో సహా ఇల్లు ఖాళీచేసి వెళుతుంటే, పిల్లలకోసం తీసుకెళుతున్న బంగాళాదుంపల బండిని కాపలావాళ్ళు లాక్కున్నారు. దాన్ని తిరిగివ్వమని అడగడానికి జర్మను అధికారుల దగ్గరకు ఆ యూనిఫారంలోనే, చేతికి పట్టీ లేకుండానే వెళ్ళాడు. కొట్టి జైల్లో వేశారు. కొన్ని వారాలకు పాత శిష్యులు డబ్బు పోగేసి విడిపించారు. అరవై దాటిన మనిషి, అప్పటికే ఆరోగ్యం పాడైంది.

గోడల లోపల రెండేళ్ళు. ఆశ్రమంలో పిల్లలు సుమారు రెండు వందలకు చేరారు. రోజూ సంచి భుజాన వేసుకుని, ధనికుల ఇళ్ళూ ఆఫీసులూ తిరిగి, అడుక్కుని, అవసరమైతే పోట్లాడి, బియ్యమో పిండో తెచ్చేవాడు. బయట వీధిలో శవాలు. లోపల మాత్రం పిల్లలకు పాఠాలు, కోర్టు, పత్రిక, బరువు తూయడం. బరువులు తగ్గుతున్నాయని ఆ చీట్లలో కనిపిస్తూనే ఉంది.

1942 జులై 18న ఆ ఇంట్లో పిల్లలు ఒక నాటకం వేశారు. మన రవీంద్రనాథ టాగోర్ రాసిన పోస్టాఫీసు. జబ్బుపడి గదిలోంచి కదలకూడని అమల్ అనే పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ, రాజుగారి దగ్గరనుంచి తనకు ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తూ, చివరికి నిద్రలోకి జారుకుంటాడు. ఆ నాటకాన్నే ఎందుకు ఎంచుకున్నాడో పలువురు పలువిధాలుగా చెబుతారు. చావును భయం లేకుండా చూడటం పిల్లలకు నేర్పాలని అనేది ఎక్కువమంది నమ్మే మాట. టాగోర్ చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎక్కడి శాంతినికేతన్, ఎక్కడి వార్సా. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

నాలుగు రోజులకే, జులై 22న, వార్సా యూదులను రైళ్ళలో తరలించడం మొదలైంది. గోడ అవతల స్నేహితులు కోర్చాక్‌ను ఒక్కణ్ణీ దాటించడానికి ఏర్పాట్లు చేసి, రమ్మని కబురు పెట్టారు. అంతకుముందు కూడా అడిగారు. రానన్నాడు. రెండు వందలమందిని వదిలి ఒక డాక్టరు ఎలా వెళతాడని ఆయన ఆలోచన, దాని గురించి చర్చ పెట్టడానికి కూడా ఒప్పుకోలేదు. ఆగస్టు తొలివారంలో ఒక ఉదయం సైనికులు వచ్చి పిల్లల్ని వీధిలోకి రమ్మన్నారు. పిల్లలు వరసలు కట్టారు. కోర్చాక్, స్తెఫానియా, మిగతా పంతుళ్ళు వాళ్ళతో నడిచారు. రైలు ట్రెబ్లింకాకు వెళ్ళింది. వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఆ ఊరేగింపు గురించి కథలు చాలా పుట్టాయి. జెండా పట్టుకున్నారని, పాట పాడారని, ఒక జర్మను అధికారి ఆయన్ని గుర్తుపట్టి వదిలేస్తానన్నాడని. ఏది నిజమో ఏది తర్వాత అల్లిందో చెప్పడం కష్టం. నాకైతే ఆ అలంకారాలేవీ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు పిల్లల తగాదాలు విని, పందేలు కట్టి, గోళ్ళు కత్తిరించి, వాళ్ళ కోర్టు ముందు నిలబడ్డ మనిషి ఆ ఉదయం వాళ్ళతో నడవకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

1942 మే నుంచి ఆగస్టు దాకా రాసుకున్న ఆయన డైరీ ఎలాగో గోడ దాటి, ఆ పిల్లల పత్రిక అప్పగించిన నెవెర్లీ దగ్గరకు చేరింది, యుద్ధం తర్వాత అచ్చయింది. బాలల హక్కుల ఒప్పందం కావాలని 1978లో ఐక్యరాజ్య సమితిలో ప్రతిపాదించింది పోలెండే. అక్కడి పెద్దలు కోర్చాక్ పేరును ముందు పెట్టుకునే ఆ పనికి దిగారు. 1989లో ఒప్పందం ఆమోదం పొందింది, 1992లో మన దేశమూ అందులో చేరింది. ట్రెబ్లింకాలో ఇప్పుడు వేల రాళ్ళు పాతి ఉన్నాయి, చాలావాటి మీద ఊళ్ళ పేర్లున్నాయి. మనిషి పేరు ఉన్న రాయి ఒక్కటే, కోర్చాక్ అని, పిల్లలు అని.

ఆ ఇంట్లో పెరిగి యుద్ధానికి ముందే బయటికి వెళ్ళినవాళ్ళు ఇజ్రాయెల్‌లో, ఫ్రాన్సులో, ఇంకా ఎన్నో దేశాల్లో బతికారు. వాళ్ళలో ఇట్జాక్ బెల్ఫర్ అనే చిత్రకారుడు ఒకడు. ఏడేళ్ళ వయసులో క్రోహ్‌మాల్నా వీధి ఇంటికి వచ్చి, అక్కడే ఎనిమిదేళ్ళు పెరిగాడు. ముసలివాడయ్యాక కూడా ఆయన గీస్తూ వచ్చిన బొమ్మలు ఆ ఇంటివే. గడ్డం, కళ్ళజోడు, పొడుగు అంగీ వేసుకున్న డాక్టరు, చుట్టూ పిల్లలు.